అమెరికా పాటల్లో లాటిన్ మ్యూజిక్: తరచుగా అడిగే ప్రశ్నలు

లాటిన్ మ్యూజిక్ అంటే అసలేంటి? స్పానిష్‌లో పాడితే సరిపోతుందా?

పేరు ఒకటే గానీ లోపల బోలెడున్నాయి. క్యూబా వాళ్ళ సోన్, మాంబో, చాచాచా, ప్యూర్టో రికో వాళ్ళ బోంబా, ప్లేనా, డొమినికన్ రిపబ్లిక్ నుంచి మెరెంగే, బచాటా, కొలంబియా నుంచి కూంబియా, మెక్సికో నుంచి మరియాచి, కొరిదో, అర్జెంటీనా టాంగో, ఇవన్నీ తీసుకొచ్చి అమెరికా రికార్డు కంపెనీలు ఒకే అరలో పడేసి పైన లాటిన్ అని చీటీ అంటించాయి. బ్రెజిల్ వాళ్ళు పాడేది పోర్చుగీసులో, అయినా వాళ్ళూ ఆ అరలోనే. ఒక కొలంబియా అతన్నీ ఒక మెక్సికో అతన్నీ పక్కపక్కన కూర్చోబెట్టి మీ ఇద్దరి మ్యూజిక్ ఒకటేగా అన్నారనుకోండి, ఇద్దరూ కలిసి మీ మీదకొస్తారు.

ఇక్కడ ఎక్కువగా క్యూబా, ప్యూర్టో రికో, మెక్సికోల గురించే ఉంటుంది, ఎందుకంటే అమెరికా మీద పడ్డ ప్రభావంలో పెద్ద వాటా ఈ మూడిటిదే.

అమెరికాలోకి ఎప్పుడొచ్చింది? 1999లో పాప్ సింగర్ రికీ మార్టిన్‌తోనేగా?

అస్సలు కాదు. ప్రతి పదేళ్ళకో పదిహేనేళ్ళకో అక్కడి పత్రికలు "లాటిన్ మ్యూజిక్ వచ్చేసింది" అని కవర్ మీద వేస్తాయి, అందుకే అందరికీ అలా అనిపిస్తుంది. నిజానికి అమెరికాకి జాజ్ అనేది పుట్టకముందే ఇది అక్కడుంది.

న్యూ ఆర్లీన్స్ చూడండి. 1803లో అమెరికా చేతికి రాకముందు ఆ ఊరు కొన్ని దశాబ్దాలు స్పెయిన్ పాలనలో ఉంది, హవానాకీ దానికీ ఓడలు అటూఇటూ తిరుగుతూనే ఉండేవి, ఓడలతో పాటు పాటలూ. ఆ ఊళ్ళో పుట్టిన గాట్షాక్ అనే పియానిస్టు 1850లలోనే క్యూబా వెళ్ళి అక్కడి లయని తన పియానో ముక్కల్లో పెట్టుకున్నాడు. బ్లూస్‌కి తండ్రి అని పేరున్న డబ్ల్యూ.సి. హ్యాండీ 1900లో క్యూబా వెళ్ళొచ్చాడు, 1914లో ఆయన రాసిన సెయింట్ లూయీస్ బ్లూస్ మధ్యలో వచ్చే భాగం అచ్చంగా హబనెరా అనే క్యూబా లయ నడకే. ఇంక జెల్లీ రోల్ మోర్టన్ అయితే 1938లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ (అమెరికా జాతీయ గ్రంథాలయం) వాళ్ళు రికార్డు చేస్తుంటే, పాటకి కాస్త స్పానిష్ రంగు తగలకపోతే జాజ్‌కి సరైన రుచి రాదనే అర్థంలో చెప్పి, వాయించి మరీ చూపించాడు. జాజ్ నేనే కనిపెట్టా అని చెప్పుకు తిరిగిన మనిషి ఆయన, ఆ గొప్పలు పక్కన పెట్టినా ఈ ఒక్క ముక్క మాత్రం కొట్టిపారేయలేం.

హబనెరా, క్లావే అని ఊరికే అంటుంటారు, నాకు మ్యూజిక్ రాదు, అర్థమయ్యేలా చెప్తారా?

మనకి ఇది చాలా ఈజీ అండీ, మృదంగం క్లాసు పక్కింట్లో జరిగినా చాలు తెలిసిపోతుంది. ఎనిమిది అక్షరాలు తీసుకోండి: తకిట తకిట తక. మూడు, మూడు, రెండు. ప్రతి 'త' దగ్గర ఒక చప్పట్లు కొట్టండి. అయిపోయింది, దాన్నే వాళ్ళు ట్రెసీయో అంటారు. హబనెరాలో కింద బేసులో నడిచేది ఇదే, మధ్యలో ఇంకో దెబ్బ కలుస్తుంది అంతే.

ఇప్పుడు దాని వెనకే ఇంకో ఎనిమిది అక్షరాలు పెట్టండి: తక తక తకదిమి. ఇందులో మొదటి 'తక'కి చప్పట్లు కొట్టకుండా వదిలేసి, రెండో 'తక' మీద ఒకటి, 'తకదిమి' మొదట్లో ఒకటి కొట్టండి. ముందు మూడు, తర్వాత రెండు, మొత్తం అయిదు దెబ్బలు. ఇదే క్లావే. రెండు చిన్న కర్ర ముక్కల్ని ఒకదానితో ఒకటి కొట్టి వాయిస్తారు, ఆ కర్రల పేరు కూడా అదే. క్యూబా సంగీతంలో పియానో, బేసు, కాంగా (చేతులతో వాయించే పొడవాటి డ్రమ్ము), పాడేవాళ్ళు అందరూ ఈ అయిదు దెబ్బలకి లోబడే నడవాలి, కొన్నిసార్లు కర్రలు అసలు మోగకపోయినా అందరి మనసులోనూ అది నడుస్తూనే ఉంటుంది, దాన్ని తప్పించి వాయిస్తే పక్కవాడు కళ్ళెర్రజేస్తాడు. రెండుని ముందు పెట్టి మూడుని వెనక పెట్టినా ఒప్పే, కానీ పాట మధ్యలో ఇష్టమొచ్చినట్టు తిప్పకూడదు.

దీని మూలం ఆఫ్రికా. బానిసలుగా క్యూబాకి తెచ్చిన జనాలతో వచ్చిన లయలు ఇవి. ఈ తకిట తకిట తకని కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మొట్టమొదటి పెద్ద హిట్ ఏది?

1910ల్లో టాంగో పిచ్చి ఒకటి పట్టింది గానీ అది ఎక్కువగా డాన్సుకి సంబంధించింది. రికార్డుల్లో అసలు దుమ్ము లేపింది మాత్రం 1930లో డాన్ ఆస్పియాసు బ్యాండు న్యూయార్క్‌లో రికార్డు చేసిన ఎల్ మానిసెరో. రాసింది మోయిసెస్ సిమోన్స్, పాడింది ఆంటోనియో మచీన్. వీధిలో వేరుశనక్కాయలు అమ్ముకునేవాడి కేక, అదే పాట. దాంతో అమెరికా అంతా రుంబా రుంబా అని ఊగిపోయింది, నిజానికి అది రుంబా కాదు, సోన్. రుంబా అనేది క్యూబాలో డ్రమ్ములూ గొంతులతో నడిచే వేరే వ్యవహారం. కంపెనీవాళ్ళకి ఏది పలకడానికి బావుంటే అదే పేరు.

ఆ తర్వాత న్యూయార్క్ వాల్డార్ఫ్ అస్టోరియా హోటల్లో షావియెర్ కూగాట్ అనే ఆయన ఏళ్ళ తరబడి బ్యాండు నడిపాడు, స్పెయిన్‌లో పుట్టి క్యూబాలో పెరిగినవాడు, చంకలో చివావా కుక్కపిల్లని పెట్టుకుని బ్యాండుని నడిపించేవాడు. సంగీతం కొంచెం పంచదార ఎక్కువైన టైపు. కానీ డబ్బున్న తెల్లవాళ్ళకి మరకాస్ (గింజలు పోసి ఆడించే గిలకలు) చప్పుడు అలవాటు చేసింది ఆయనే.

తల మీద పళ్ళ బుట్ట పెట్టుకుని డాన్స్ చేసే ఆవిడ ఎవరు?

కార్మెన్ మిరాండా. పోర్చుగల్‌లో పుట్టి పసిపిల్లగా ఉన్నప్పుడే బ్రెజిల్ వచ్చేసింది, అక్కడ సాంబా పాటలకి పెద్ద స్టార్, 1939లో బ్రాడ్‌వేకి వచ్చింది. ఆ తలపాగా, ఆ గొలుసులు బహియా ప్రాంతంలో వీధుల్లో తినుబండారాలు అమ్ముకునే నల్లజాతి ఆడవాళ్ళ వేషం. సరిగ్గా ఆ టైములో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పక్క దేశాలతో మంచిగా ఉండాలి అనే పాలసీలో ఉంది, యుద్ధం ముంచుకొస్తోంది, హాలీవుడ్‌కి కూడా ఆ మార్కెట్లు కావాలి, అలా ఆవిడ అందరికీ పనికొచ్చింది. 1940లో రియో తిరిగి వెళ్తే మాత్రం సొంత జనమే నువ్వు అమెరికాదానివి అయిపోయావని మొహం చాటేశారు, దానికి ఆవిడ పాటతోనే బదులిచ్చింది. హాలీవుడ్ చివరిదాకా ఆవిడకి ఆ ఒక్క వేషమే ఇచ్చింది, 46 ఏళ్ళకే పోయింది పాపం.

టీవీలో లాటిన్ మ్యూజిక్ ఎప్పుడు కనిపించింది?

ఐ లవ్ లూసీ అనే కామెడీ సీరియల్లో. 1951 నుంచి 1957 దాకా సీబీఎస్‌లో వచ్చింది, అప్పట్లో అమెరికాలో టీవీ ఉన్న ఇంట్లో దాన్ని చూడనివాళ్ళు అరుదు. అందులో లూసీ మొగుడు రికీ ఒక క్యూబా బ్యాండ్ లీడర్, ఆ వేషం వేసిన డెసీ ఆర్నాస్ నిజంగానే క్యూబా బ్యాండ్ లీడర్, లూసిల్ బాల్‌కి నిజంగానే మొగుడు. ఈయన యాస ఎవరికి అర్థమవుతుంది, అమెరికన్ అమ్మాయికి ఇలాంటి మొగుడంటే జనం నమ్మరు అని ఛానల్ వాళ్ళు నసిగితే, ఇద్దరూ కలిసి ఊరూరా స్టేజి షో చేసి జనం నవ్వుతున్నారని చూపించి ఒప్పించారు.

ఆయన ఫేమస్ పాట బబాలూ. అమెరికా జనం దాన్నొక కామెడీ నంబర్‌లా చూశారు గానీ అది బబాలూ ఆయే అనే ఆఫ్రికా మూలాలున్న దేవుడికి చేసే మొర, అంటురోగాల్ని ఇచ్చేదీ తీసేదీ ఆయనే అని క్యూబాలో నమ్ముతారు. ప్రతి సోమవారం రాత్రి అమెరికా డ్రాయింగ్ రూముల్లో శాంతేరియా అనే క్యూబా మతపు దేవుడి పేరు మోగిందన్నమాట, ఎవరికీ తెలీకుండా.

ఇంకోటి, ఆ షోని మూడు కెమెరాలతో ఫిల్మ్ మీద ఆడియెన్స్ ముందు తీయడం, ఫిల్మ్ హక్కులు తమ కంపెనీ దగ్గరే ఉంచుకోవడం, తర్వాత వాటిని మళ్ళీ మళ్ళీ వేసి సంపాదించడం, ఈ బిజినెస్ బుర్ర చాలావరకు డెసీదే. ఇప్పటి సిట్‌కామ్ పద్ధతి అక్కడినుంచే వచ్చింది. స్టార్ ట్రెక్ మొదలైంది కూడా వీళ్ళ డెసిలూ స్టూడియోలోనే.

జాజ్‌లో లాటిన్ ఎలా కలిసింది? డిజ్జీ గిలెస్పీ కనిపెట్టాడంటారు?

డిజ్జీ పెద్ద జాజ్ ట్రంపెట్ వాద్యగాడు, పేరు అందరికీ తెలుసు కాబట్టి అలా అంటారు. అసలు మనిషి మారియో బౌసా. హవానాలో పుట్టాడు, న్యూయార్క్ వచ్చి చిక్ వెబ్ బ్యాండులో మ్యూజిక్ డైరెక్టర్ అయ్యాడు, క్యాబ్ కాలోవే బ్యాండులోకి డిజ్జీని చేర్పించింది కూడా ఈయనే. 1940లో 'మచీతో' అనే తన బావ పేరు మీద ఆఫ్రో-క్యూబన్స్ అనే బ్యాండు కట్టాడు. ఆ పేరు పెట్టడమే అప్పట్లో పెద్ద ధైర్యం, ఎందుకంటే నల్లవాళ్ళమని బోర్డు మీద రాసుకుని హోటళ్ళలో వాయించే రోజులు కావవి. 1943లో వీళ్ళు చేసిన టాంగాని మొదటి ఆఫ్రో-క్యూబన్ జాజ్ ట్యూన్ అని చెప్పుకుంటారు: కింద అంతా క్లావే, పైన జాజ్ హార్న్లు (ట్రంపెట్, సాక్సఫోన్ లాంటివి).

1947లో డిజ్జీకి కాంగా వాయించేవాడు కావాలంటే బౌసా ఒకతన్ని పరిచయం చేశాడు, చానో పోసో. హవానా పేటల్లో పెరిగినవాడు, ఇంగ్లీషు రాదు, నొటేషన్ రాదు, కానీ ఏ వాయిద్యం ఏం వాయించాలో నోటితో పాడి చెప్పేవాడు. అలా పుట్టింది మాంతేకా. ఏడాది తిరక్కుండానే, 1948 డిసెంబర్లో, హార్లెమ్‌లో ఒక బార్లో ఎవడో కాల్చి చంపేశాడు, వయసు 33. అంత తక్కువ కాలంలో జాజ్‌లో కాంగాకి పర్మనెంట్ సీటు ఇచ్చి వెళ్ళిపోయాడు.

మాంబో, చాచాచా సంగతేంటి?

1950లు మొత్తం వీటివే. పెరెస్ ప్రాడో అనే క్యూబా ఆయన మెక్సికో సిటీలో కూర్చుని మాంబోని రికార్డులకి ఎక్కించాడు, మధ్యలో 'ఊహ్' అని మూలుగుతుంటాడు చూడండి, ఆయనే. 1955లో ఆయన చెర్రీ పింక్ 10 వారాలు అమెరికా పాటల చార్టులో నంబర్ వన్‌లో కూర్చుంది. మీకు 1999లో లూ బేగా పాడిన మాంబో నంబర్ 5 గుర్తుంటే, అది ఈయన పాత ట్యూను మీద కట్టిందే.

కానీ మాంబోకి అసలైన గుడి న్యూయార్క్‌లో 53వ వీధి, బ్రాడ్‌వే మూల మీద ఉన్న పల్లాడియం బాల్‌రూమ్. మచీతో, టీటో పుయెంటే, టీటో రోద్రీగెస్, ఈ ముగ్గురి బ్యాండులు ఒకదానితో ఒకటి పోటీ పడి వాయించేవి, పోస్టర్ మీద ఎవరి పేరు ముందుండాలి అని ఇద్దరు టీటోలకీ గొడవలు. కింద డాన్స్ ఫ్లోర్ మీద ప్యూర్టో రికన్లు, నల్లవాళ్ళు, యూదులు, ఇటాలియన్లు, మాన్‌హట్టన్ ధనవంతులు, హాలీవుడ్ స్టార్లు అందరూ ఒకేచోట. దేశంలో సగం చోట్ల నల్లవాళ్ళకి వేరే కుళాయి, వేరే బస్సు సీటు ఉన్న కాలంలో ఇది. డాన్స్ బాగా వచ్చా రాదా అన్నదొక్కటే అక్కడ లెక్క. నన్నడిగితే ఈ మొత్తం కథలో అన్నిటికంటే గొప్ప చోటు అదే, 1966లో మూసేశారు.

చాచాచా అంటే మాంబోని కొంచెం నెమ్మదిగా, కాళ్ళు తడబడేవాళ్ళకి కూడా వీలుగా చేసింది. ఎన్రీకే హొరీన్ అనే వయొలినిస్టు మొదలుపెట్టాడు.

రాక్ అండ్ రోల్‌కి కూడా సంబంధం ఉందా?

ఉందా అంటే, దాని ఎముకల్లోనే ఉంది. రాక్ గిటారిస్టు బో డిడ్లీ పేరు మీద బో డిడ్లీ బీట్ అని గిటార్ వాయించేవాళ్ళందరూ చెప్పుకుంటారు కదా, పైన చెప్పిన అయిదు దెబ్బలు కొట్టి చూడండి, అదే.

లూయీ లూయీ అనే పాట ఉంది, అమెరికాలో గరాజుల్లో బ్యాండు పెట్టిన ప్రతి కుర్రాడూ మొదట నేర్చుకునేది. దాన్ని రాసిన రిచర్డ్ బెర్రీ కాలిఫోర్నియాలో ఒక లాటిన్ బ్యాండుతో పాడుతూ రెనే టూసే చేసిన ఎల్ లోకో చాచాచా విన్నాడు, మొదట్లో వచ్చే ఆ డం డం డం, డం డం అక్కడినుంచి ఎత్తిందే. 1963లో కింగ్స్‌మెన్ పాడాక అందులో బూతులున్నాయని ఎఫ్‌బీఐ దాకా వెళ్ళింది, వాళ్ళు రికార్డుని రకరకాల స్పీడుల్లో తిప్పి తిప్పి విని చివరికి ఏమీ అర్థం కావట్లేదు అని ఫైలు మూసేశారు. వాళ్ళు వింటున్నది చాచాచా అని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఇంక లా బాంబా. మెక్సికోలో వెరాక్రూస్ వైపు పెళ్ళిళ్ళలో పాడే పాత జానపదం. లాస్ ఏంజెలిస్‌లోని పకోయిమా పేటలో పెరిగిన రిచర్డ్ వాలెన్సువేలా దాన్ని 1958లో ఎలక్ట్రిక్ గిటార్ మీద పాడాడు, రికార్డు కంపెనీ ఆయన పేరుని రిచీ వాలెన్స్ అని కోసేసింది, మెక్సికన్ పేరైతే రేడియోలో వెయ్యరని. స్పానిష్ ఆయనకి పెద్దగా రాదు, పదాలు నేర్చుకుని పాడాడు. 1959 ఫిబ్రవరి 3న రాక్ స్టార్ బడీ హాలీతో పాటు విమానం కూలి పోయాడు, 17 ఏళ్ళు. 1987లో లోస్ లోబోస్ అదే పాటని మళ్ళీ పాడితే నంబర్ వన్ అయింది.

బోసా నోవా?

బ్రెజిల్ నుంచి వచ్చిన మెత్తటి సాంబా. అమెరికా సాక్సఫోన్ వాద్యగాడు స్టాన్ గెట్జ్, బ్రెజిల్ గాయకుడు జువావ్ జిల్బెర్టో కలిసి చేసి 1964లో విడుదలైన రికార్డు ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ కొట్టింది, అందులో ఇపనేమా అమ్మాయి పాటని ఇంగ్లీషులో పాడిన ఆస్ట్రుద్ జిల్బెర్టోకి అప్పటికి ప్రొఫెషనల్ సింగర్‌గా పేరే లేదు, డబ్బు కూడా సెషన్ కూలి తప్ప రాలేదంటారు. తర్వాత ఆ పాటని ప్రపంచంలో ఉన్న లిఫ్టులన్నిటిలో వేసి దాని ప్రాణం తీశారు.

సల్సా క్యూబాదా, ప్యూర్టో రికోదా, న్యూయార్క్‌దా?

ఈ ప్రశ్న పార్టీలో అడగొద్దు, తెల్లారిపోతుంది. నాకు అర్థమైంది చెప్తా.

1959లో క్యూబాలో విప్లవం, 1962లో అమెరికా ఆంక్షలు, దాంతో హవానా నుంచి రికార్డులూ బ్యాండులూ రావడం ఆగిపోయింది. కానీ న్యూయార్క్‌లో అప్పటికే లక్షల మంది ప్యూర్టో రికన్లు ఉన్నారు. ప్యూర్టో రికో అమెరికా కింద ఉన్న దీవి, 1917 నుంచి వాళ్ళు అమెరికా పౌరులే, వీసా గొడవ లేదు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్యాక్టరీ పనులకి విమానాలెక్కి వచ్చేశారు, ఈస్ట్ హార్లెమ్, సౌత్ బ్రాంక్స్ పేటలు నిండిపోయాయి. వీళ్ళ పిల్లలు ఇంట్లో క్యూబా పాటలు, బయట జాజ్, సోల్ వింటూ పెరిగారు. క్యూబా సోన్ ఎముక, ప్యూర్టో రికో బోంబా, ప్లేనా, జాజ్ హార్న్లు, బ్రాంక్స్ వీధి పొగరు, ఇవన్నీ కలిస్తే సల్సా.

దాన్ని అమ్మింది ఫానియా రికార్డ్స్. 1964లో జానీ పచేకో అనే డొమినికన్ మ్యుజీషియన్, జెర్రీ మసూచీ అనే ఇటాలియన్-అమెరికన్ లాయరు కలిసి పెట్టారు, మొదట్లో కారు డిక్కీలో రికార్డులు వేసుకుని షాపు షాపుకీ తిరిగి అమ్మారు. తర్వాత విల్లీ కొలోన్, ఎక్టోర్ లవో, రూబెన్ బ్లేడ్స్ లాంటి సల్సా స్టార్లు ఆ కంపెనీవాళ్ళే. 1973 ఆగస్టులో ఏకంగా యాంకీ స్టేడియంలో కచేరీ పెడితే 40 వేలకి పైగా జనం, రెండు కాంగాల మధ్య పోటీ మొదలవగానే ఊగిపోయి గ్రౌండులోకి దూకేశారు, కచేరీ మధ్యలోనే ఆగిపోయింది.

క్యూబా సింగర్ సీలియా క్రూజ్ గురించి చెప్పకుండా ఇది ముగించకూడదు. 1960లో క్యూబా వదిలొచ్చింది, 1962లో తల్లి పోతే అంత్యక్రియలకి కూడా రానివ్వలేదు, 1990లో గ్వాంటనామోలోని అమెరికా స్థావరంలో పాడటానికి వెళ్ళడం తప్ప మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టలేదు. స్టేజి మీద అంతా మగాళ్ళే ఉన్న ఆ ప్రపంచంలో 'అసూకర్' (పంచదార) అని ఒక్క కేక వేస్తే హాలంతా లేచేది. 2024లో అమెరికా ప్రభుత్వం పావు డాలర్ నాణెం మీద ఆవిడ బొమ్మ వేసింది.

ర్యాపర్ కార్డీ బీ పాట పాత పాటని కాపీ కొట్టిందంటున్నారు, నిజమేనా?

కాపీ కాదు, శాంపిల్, అంటే పాత రికార్డులో ముక్క తీసి కొత్త పాటలో వాడటం, అదీ పర్మిషన్‌తోనే. పీట్ రోద్రీగెస్ 1967లో చేసిన ఐ లైక్ ఇట్ లైక్ దట్. అది బూగలూ అనే స్టైలు, న్యూయార్క్ ప్యూర్టో రికన్ కుర్రాళ్ళు సోల్‌నీ మాంబోనీ కలిపి ఇంగ్లీషులో పాడింది, మూడు నాలుగేళ్ళు వెలిగి ఆరిపోయింది. పెద్ద బ్యాండువాళ్ళే కుర్రాళ్ళని ఎదగనివ్వలేదని ఆ కుర్రాళ్ళు ఇప్పటికీ అంటారు. 2018లో కార్డీ బీ, బ్యాడ్ బన్నీ, జే బాల్విన్ దాని మీద ర్యాప్ చేస్తే నంబర్ వన్. యాభై ఏళ్ళు పట్టింది.

సంతానా మెక్సికన్ కదా, మరి ఆయన వాయించేది క్యూబా లయలెందుకు?

కార్లోస్ సంతానా మెక్సికోలో పుట్టి టిహువానాలో పెరిగి శాన్ ఫ్రాన్సిస్కో వచ్చాడు, అక్కడ మిషన్ పేటలో అన్ని దేశాలవాళ్ళూ ఉంటారు, పార్కులో కాంగాలు మోగుతుంటాయి. గిటార్ బ్లూస్, కింద కాంగా, టింబాలెస్ (కర్రలతో కొట్టే జంట డ్రమ్ములు), అదే ఆయన ఫార్ములా. 1969లో ఉడ్‌స్టాక్ మ్యూజిక్ ఫెస్టివల్‌లో మొదటి ఆల్బమ్ బయటికి రాకముందే స్టేజి ఎక్కి జనానికి పిచ్చెక్కించాడు. 1970లో ఓయే కోమో వా వాయించాడు, అది టీటో పుయెంటే పాట. రాక్ వాళ్ళు నా పాట తీసుకున్నారని పుయెంటేకి ముందు ఒళ్ళు మండిందట, తర్వాత రాయల్టీ చెక్కు వచ్చింది, మంట చల్లారింది. ఆ కథని ఆయనే కచేరీల్లో నవ్వుతూ చెప్పేవాడు.

హిప్ హాప్ నల్లవాళ్ళది కదా, అందులో లాటిన్ ఏముంది?

నల్లవాళ్ళదే, అందులో డౌట్ లేదు. కానీ 1970ల బ్రాంక్స్‌లో ఒకే బిల్డింగులో నల్లవాళ్ళు, జమైకన్లు, ప్యూర్టో రికన్లు కలిసే ఉండేవాళ్ళు, పార్టీకి వచ్చేది అందరూ. కోల్డ్ క్రష్ బ్రదర్స్ డీజే చార్లీ చేజ్ ప్యూర్టో రికన్, బ్రేక్ డాన్సుని ప్రపంచానికి చూపించిన రాక్ స్టెడీ క్రూ క్రేజీ లెగ్స్ ప్యూర్టో రికన్. హిప్ హాప్ జాతీయగీతం అనే అపాచీ రికార్డు మొదలయ్యేదే బోంగోలతో.

సెలీనా గోమెజ్ కాకుండా ఇంకో సెలీనా ఉందా?

ఉంది, గోమెజ్‌కి ఆ పేరు పెట్టింది ఈవిడని చూసే. సెలీనా కింతానీయా, టెక్సస్ అమ్మాయి, పాడింది తెహానో. 19వ శతాబ్దంలో టెక్సస్‌కి వలసొచ్చిన జర్మన్లు, చెక్‌లు అకార్డియన్, పోల్కా తెస్తే పక్కనే ఉన్న మెక్సికన్లు అది అందుకుని తమ పాటల్లో కలిపేసుకున్నారు, దాని మునిమనవరాలే తెహానో. సెలీనా ఇంట్లో మాట్లాడింది ఇంగ్లీషు, స్పానిష్ పాటల్ని మొదట్లో తండ్రి నేర్పితే పలుకులు పట్టుకుని పాడింది. 1995 మార్చి 31న తన ఫ్యాన్ క్లబ్ నడిపిన ఆవిడే కాల్చి చంపింది, ఇంకా 24 నిండలేదు. ఆ వేసవిలో వచ్చిన ఆల్బమ్ నేరుగా నంబర్ వన్‌లో దిగింది. 1997లో ఆవిడ మీద తీసిన సినిమాతోనే జెనిఫర్ లోపెజ్ స్టార్ అయింది. డాలస్, ఆస్టిన్, హూస్టన్ వైపు ఉండే మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, అక్కడ గోడల మీద ఆవిడ బొమ్మ ఇప్పటికీ కనిపిస్తుంది.

మరి 1999 బూమ్‌లో అంత ప్రత్యేకం ఏముంది?

మార్కెటింగ్. ఫిబ్రవరిలో గ్రామీ స్టేజి మీద రికీ మార్టిన్ ఊపేశాడు, మేలో లివిన్ లా వీదా లోకా నంబర్ వన్, వెంటనే జెనిఫర్ లోపెజ్, ఎన్రీకే ఇగ్లేసియాస్, మార్క్ ఆంటోనీ, ఇంకోవైపు సంతానా స్మూత్ 12 వారాలు. పేపర్లు విదేశాల నుంచి తుఫాను వచ్చినట్టు రాశాయి. లోపెజ్ పుట్టింది బ్రాంక్స్‌లో, మార్క్ ఆంటోనీ పుట్టింది న్యూయార్క్‌లో, మార్టిన్ ప్యూర్టో రికో అంటే అతనూ అమెరికా పౌరుడే. పైగా హిట్లలో చాలావరకు ఇంగ్లీషు పాటలు. సొంతింటి పిల్లల్ని చూసి ఎవరో చుట్టాలొచ్చారు అనుకోవడం.

రెగెటాన్ ఎక్కడిది? అన్ని పాటలూ ఒకేలా ఉంటాయెందుకు?

ఒకేలా ఉంటాయన్నది కొంత నిజమే, ఎందుకంటే చాలా పాటల కింద ఒకే బీటు ఉంది, దాన్ని డెంబో అంటారు, షబ్బా ర్యాంక్స్ అనే జమైకా సింగర్ పాట నుంచి వచ్చిన పేరు. పనామా కాలువ పనులకి జమైకా, బార్బడోస్ లాంటి దీవుల నుంచి కూలీలు వెళ్ళారు, వాళ్ళ మనవలు రెగేని స్పానిష్‌లో పాడటం మొదలుపెట్టారు, అది న్యూయార్క్ మీదుగా ప్యూర్టో రికో చేరి అక్కడ ర్యాప్‌తో కలిసింది. 1990ల్లో ఇది పేదపేటల క్యాసెట్ మ్యూజిక్, 1995లో పోలీసులు షాపుల మీద దాడులు చేసి క్యాసెట్లు పట్టుకెళ్ళారు, బూతులని. 2004లో డాడీ యాంకీ పాట గాసోలీనా వచ్చాక ఇంక ఆగలేదు. 2023లో అదే పాటని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాచిపెట్టుకోవాల్సిన రికార్డుల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు ఒక పని చెయ్యండి. ఏదో ఒక రెగెటాన్ పెట్టి, మొదటి 'త'ని కింద దడ్ దడ్ అనే డ్రమ్‌తో, మిగతా రెండు 'త'లనీ పైన టక్‌మని కొట్టే స్నేర్ అనే చిన్న డ్రమ్‌తో కలిపి వినండి. తకిట తకిట తక. న్యూ ఆర్లీన్స్‌కి ఓడల్లో వచ్చిందే, బట్టలు మార్చుకుంది అంతే.

డెస్పసీటో తర్వాత నిజంగా ఏమైనా మారిందా?

ఈసారి మారింది. 2017లో ఆ స్పానిష్ పాటకి జస్టిన్ బీబర్ కలిసిన వెర్షన్ 16 వారాలు నంబర్ వన్‌లో ఉంది, అప్పటికి అది రికార్డుతో సమానం, మాకరెనా తర్వాత స్పానిష్ ఎక్కువున్న పాట పైకెక్కడం అదే. కానీ బీబర్ కావాల్సొచ్చింది చూడండి. బ్యాడ్ బన్నీకి ఆ అవసరం కూడా లేదు. సూపర్ మార్కెట్లో సామాన్లు సంచుల్లో వేసే పని చేస్తూ పాటలు పెట్టిన కుర్రాడు, ఇంగ్లీషులో పాడను అని కూర్చున్నాడు, 2020, 21, 22 మూడేళ్ళూ స్పాటిఫైలో ప్రపంచం మొత్తం మీద ఎక్కువ విన్నది అతన్నే. రేడియో డీజే పర్మిషన్ అక్కర్లేకపోవడం, అదీ అసలు తేడా. 2025లో అమెరికా టూరు పెట్టకుండా ప్యూర్టో రికో రాజధాని శాన్ హువాన్‌లోనే నెలల తరబడి కచేరీలు చేసి, కావాల్సినవాళ్ళు మా ఊరు రండి అన్నాడు, వెళ్ళారు. 2026లో సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ హాఫ్ టైమ్ షోకి కూడా అతన్నే ఎంచుకున్నారు.

మెక్సికన్ వైపు కూడా అంతే, 2023లో ఎస్లాబోన్ అర్మాదో, పెసో ప్లూమా పాడిన పాట హాట్ 100 అనే అమెరికా పాటల చార్టులో నాలుగో స్థానానికి వెళ్ళింది, ట్రాంబోన్లూ గిటార్లూ తప్ప డ్రమ్ము కూడా లేని పాట అది.

ఇంత చేసినా గుర్తింపు వచ్చిందా?

డబ్బు లెక్కన చూస్తే అమెరికాలో లాటిన్ మ్యూజిక్ ఆదాయం 2022లో వంద కోట్ల డాలర్లు దాటింది. గౌరవం సంగతి వేరు. 2011లో గ్రామీ వాళ్ళు కేటగిరీలు తగ్గిస్తూ లాటిన్ జాజ్‌ని తీసి పారేశారు, బాబీ సనాబ్రియా లాంటి న్యూయార్క్ వాద్యగాళ్ళు కోర్టుకి వెళ్ళి, రోడ్డెక్కి గొడవ చేస్తే మరుసటేడు తిరిగి పెట్టారు. జాజ్ పుట్టినప్పటి నుంచి అందులో ఉన్నదాన్ని అనవసరం అనుకోవడానికి ఎంత ధైర్యం కావాలో.

మన తెలుగు సినిమా పాటల్లో ఈ ప్రభావం ఉందా?

పాత క్లబ్ పాట ఏదైనా పెట్టుకోండి, బోంగో, మరకాస్ మోగుతాయి. హాలీవుడ్ సినిమాలు, గ్రామఫోన్ రికార్డుల దారిన మద్రాసు చేరాయి. ఘంటసాల పాటలు వాయించే ఊరి ఆర్కెస్ట్రాలో కూడా బోంగోలు పెట్టుకుని ఒకాయన కూర్చుని ఉంటాడు, ఆ రెండు చిన్న డ్రమ్ములూ క్యూబావి.

జుంబా కూడా ఇందులోదేనా?

అవును. కొలంబియాలో కాలీ ఊరి ఏరోబిక్స్ టీచర్ బేటో పెరెస్ ఒకరోజు క్లాసు టేపు మర్చిపోయి బ్యాగులో ఉన్న సల్సా, మెరెంగే క్యాసెట్లు పెట్టాడు, అలా మొదలై మయామీ వెళ్ళి కంపెనీ అయింది, ఇప్పుడు కూకట్‌పల్లి జిమ్ముల దాకా వచ్చింది.

సల్సా డాన్స్ క్లాసులో ఆన్ వన్, ఆన్ టూ అంటున్నారు, ఏది నేర్చుకోవాలి?

ఆన్ వన్ అంటే మొదటి బీటు మీద అడుగు తిప్పడం, లాస్ ఏంజెలిస్ స్టైలు, తొందరగా వస్తుంది, మన ఊళ్ళ క్లాసుల్లో ఎక్కువ చెప్పేది ఇదే. ఆన్ టూ న్యూయార్క్‌ది, పల్లాడియం డాన్సర్ల నుంచి వచ్చిన పద్ధతిని ఎడ్డీ టోరెస్ లెక్క కట్టి నేర్పించాడు, కాంగా దెబ్బతో కలిసి నడుస్తుంది. వన్‌తో మొదలుపెట్టండి, ఆరు నెలలు పోయాక కాంగా విడిగా వినిపించడం మొదలైతే అప్పుడు టూకి మారండి, వినిపించకపోతే కంగారు పడక్కర్లేదు, టీటో పుయెంటే రికార్డులు ఇంకాస్త ఎక్కువ వినండి.